దుమ్ము పడిన పడుగు

ఎమ్మిగనూరు,
4-8-2025

తమ్ముడు కేశవులుకు,

ఈడ నేనూ లతా బాగుండాము. ఆడ నువ్వూ మరదలు ఉరుకుందమ్మా బాగుండాలని పొద్దున దీపం పెట్టేటప్పుడు తలుచుకున్నాను.

నిన్న ఫోనులో నా మాట సగంలో ఉండంగానే పెట్టేసినావు. అందుకే కాగితం. దీన్ని సగంలో పెట్టేయలేవు. లక్ష్మన్న దినామూ దుప్పట్ల మూటలు వేసుకొని ఆదోనికి వస్తాడు కదా, ఆయన ఆటోలో పంపుతాండాను. జవాబు ఆయన చేతికే ఇయ్యి.

మార్కెట్ యార్డులో ఆ అయ్యన్న నీకు చెప్పింది నిజమే. నీ కూతురు ఆదివారం పొద్దున వీధిలో చీపురు పట్టింది. నేను పంపితే కాదు. కాలేజీలో ఎన్నెస్సెస్ అని ఉండాది. ఇంటరు పిల్లలు అందులో చేరి ఆదివారాలు ఊరికి ఏదో ఒక పని చేస్తారు. తిప్పేస్వామి సారు చూసుకుంటాడు. లతను లీడరుగా పెట్టినారు.

చదువు పోతాదని నీ భయం. నేను నాలుగుకు లేచి దేవుని దగ్గర కూర్చుంటాను. అది నా పక్కనే లెక్కల పుస్తకం పట్టుకొని కూర్చుంటాది. నా జపం అయిపోయినా దాని లెక్కలు అయిపోవు. ఇంతకంటే నాకు చెప్పడం రాదు.

ఉరుకుందమ్మ మోకాలు ఎట్లుండాది? రాయి.

అక్క
భీమక్క

—

ఆదోని,
6-8-2025

అక్కా,

దండాలు. ముందే పెట్టేస్తాండాను, తర్వాత కోపంలో మర్చిపోతానేమో అని.

ఫోను నేను పెట్టలేదు. చార్జింగ్ అయిపోయింది. సరే, పెట్టినాను. ఏం చేయమంటావు? యార్డులో కాటా దగ్గర నిలబడి ఉంటే, అయ్యన్న వచ్చి పది మంది రైతుల ముందర, "ఏం కేశవులూ, నీ బిడ్డకు మునిసిపాలిటీలో ఉద్యోగం వచ్చిందంట కదా, చెప్పనే లేదే" అని నవ్వుతాడు. హమాలీలు కూడా నవ్వినారు. నేనూ నవ్వినాను. ఇంటికి వచ్చి అన్నం తినలేదు.

ఊడ్చే పని తక్కువదని నేను అనడంలేదు. ఊడ్చేవాళ్లు మనుషులే. కానీ నేను నా బిడ్డను నీ దగ్గర పెట్టింది ఎందుకు? ఈడ మా ఇంటి పక్క జిన్నింగు మిల్లు రాత్రీ పగలూ కొట్టుకుంటాది, పిల్ల చదువుకోలేదు, అక్క ఇంట్లో అయితే దేవుని గది ఉన్నంత నిశ్శబ్దం ఉంటాదని. ఆ నిశ్శబ్దంలో నుంచి దాన్ని వీధిలోకి తోలితే ఎట్ల?

నాయన సంగతి నీకు నేను చెప్పాల్నా? ఆయన కాళ్లు మగ్గం గుంతలోనే ఉండిపోయినాయి. చివరి రోజుల్లో మంచం మీద పండుకొని కూడా కాళ్లు మగ్గం తొక్కినట్ల ఆడిస్తా ఉండె. నేను ఆ గుంతలో నుంచి లేచి వచ్చి కాటా పక్కన నిలబడినాను. నిలబడే ఉద్యోగం అని ఎంత సంతోషపడినానో! నా బిడ్డ కూర్చుంటే కుర్చీలోనే కూర్చోవాల అని ఆ పొద్దే అనుకున్నాను. ఎంసెట్‌కు ఇంగ యాడుంది టైము?

ఇంగొకటి. లీడరు అంటాండావు. ఇయ్యాల లీడరంటారు, రేపు చేతికి జెండా ఇస్తారు, ఎల్లుండి ధర్నాలో ముందు వరుసలో కూర్చోబెడతారు. నేను చూడని లీడర్లా? దాని పేరు తీసేయించు అక్కా. నువ్వు ఒక్క మాట చెప్తే సారు వింటాడు. నీ మొగం చూస్తే ఎవురైనా వింటారు.

మోకాలు అట్లే ఉండాది. శనగపొడి కొట్టి పంపుతాండాది ఉరుకుందమ్మ. సగం నువ్వు తిను, అంతా ఆ పిల్లకే పెట్టొద్దు.

కేశవులు

—

ఎమ్మిగనూరు,
12-8-2025

కేశవా,

పొడి అందింది. బాగుండాది.

లీడరంటే జెండా కాదు. హాజరు పలకాల, చీపుర్లు లెక్కచూసుకోవాల. అంతే. కానీ నేను ఇయ్యాల రాసేది వేరే.

శనివారం నేను ఉరుకుంద గుడికి పోయినాను, శ్రావణం కదా. ఈరన్నస్వామి దగ్గర నిద్ర చేసి ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరినాను. అప్పటికే జరిగిపోయింది.

ఆ పొద్దున మగ్గం నేసే మల్లేశ్వరి పడుగు చాచింది. మన వీధి పొడుగునా కొయ్యల మీద దారాలు పరిచి గంజి పెట్టినారు. తడి ఆరనేలేదు. కాలేజీ పిల్లలు ఆరున్నరకే వచ్చినారు. ఏడు లోపల ఫోటో తీసి పైకి పంపాలని సారు తొందరపెట్టినాడంట. లత ముందుండి ఊడ్పించింది. శ్రావణం గాలి. వీధిలో దుమ్మంతా లేచి ఆ తడి గంజి మీద పడింది.

లతకు తెలియదు. ఆదోనిలో పుట్టి పెరిగింది, ఈడికి వచ్చి ఏడాదే అయింది. పడుగు చాచిన పొద్దున వీధిలో ఎవరూ చీపురు తీయరని దానికి చెప్పినోళ్లు లేరు. మనకు చెప్పాలని కూడా తోచదు. దారాలకు తగలకుండా జాగ్రత్తగా ఊడ్చమని పిల్లలకు చెప్పిందంట పాపం.

మల్లేశ్వరి నోరు నీకు తెలుసు. "ఏమే, నా పడుగుకు విభూతి పూసినారా? పూసినోళ్లు పూసినారు, ఇంగ కొబ్బరికాయ కూడా కొట్టి పోండి!" అనింది. నలుగురు నవ్వినారంట. తర్వాత ఆ యమ్మ గడప మీద కూర్చొని ఏడ్చింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

వీధి పెద్దలు చీపుర్లు తీసి పెట్టుకున్నారు. కాలేజీ పిల్లలు ఇంగ ఈ వీధిలో అడుగు పెట్టగూడదన్నారు. సారు పిల్లల్ని పిలుచుకొని పక్క వీధిలో ఫోటో తీయించుకొని పోయినాడు. లత పోలేదు.

ఆ పొద్దు అన్నం ముట్టలేదు. నేను దేవుని దగ్గర కూర్చుంటే వచ్చి, "అత్తా, అది బాగయ్యేదాకా నేను వదలను" అనింది. నేను సరే అన్నాను.

ఇప్పుడు కాలేజీ వదిలినంక మల్లేశ్వరి ఇంటికి పోతాండాది. ఏడుకు వస్తాది. నీకు తెలియాలని రాసినాను.

అక్క

—

ఆదోని,
14-8-2025

అక్కా,

నీ కాగితం మూడుసార్లు చదివినాను. ఉరుకుందమ్మకు చదివి వినిపిస్తే ఆ యమ్మ కూడా బిక్కచచ్చిపోయింది.

నువ్వు ఎప్పుడూ సగమే చెప్తావు. మిగిలింది మేము గుండె దడతో పూర్తిచేసుకోవాల. "మల్లేశ్వరి ఇంటికి పోతాండాది" అంటే ఏమి అర్థం? లక్ష్మన్నను అడిగినాను. "పాప వేళ్లు కోసుకుపోయినాయన్నా, దారంతోనే" అన్నాడు. ఇంగ నాకు అర్థం కానిది ఏముంది? పడుగు చెడగొట్టినందుకు నా బిడ్డను మగ్గం గుంతలో కూర్చోబెట్టింది ఆ మల్లేశ్వరి. నువ్వు సరే అన్నావు!

ఏమక్కా, తప్పు చేసింది కాలేజీ. ఏడు లోపల ఫోటో కావాలన్నది సారు. ఆయన ఫోటో ఆయనకు వచ్చింది. శిక్ష మాత్రం నా బిడ్డకా? మిగిలిన పిల్లలంతా యాడికి పోయినారు? వాళ్ల నాయనలు కాలేజీకి వచ్చి అరిచుంటారు, వదిలేసింటారు. నేను దూరంగా ఉండాను కాబట్టి నా బిడ్డ దొరికింది.

మల్లేశ్వరి చిన్నప్పుడు నాతో గోలీలాడి, ఓడిపోయినప్పుడల్లా కరిచేది. ఇప్పుడు కూడా కరుస్తాండాది.

నేను తిప్పేస్వామి సారుకు పోస్టులో కాగితం వేసినాను. నా కూతురి పేరు ఎన్నెస్సెస్‌లో నుంచి వెంటనే కొట్టేయండి, తండ్రిగా నాకు ఇష్టం లేదు అని రాసినాను. సంతకం పెట్టినాను. ఇది నీకు చెప్పకుండా చేయకూడదు, చేసినాను. చేసినంక చెప్తాండాను.

కోపగించుకోవద్దు. కోపగించుకుంటే ఆ మాటన్నా పూర్తిగా రాయి.

కేశవులు

—

ఎమ్మిగనూరు,
18-8-2025

కేశవా,

పూర్తిగా రాయమన్నావు. రాస్తాండాను.

లత గుంతలో కూర్చోలేదు. మల్లేశ్వరి రమ్మనలేదు కూడా. మొదటి పొద్దు గడప దగ్గరే నిలబెట్టి, "ఇంగేమి మిగిలింది తల్లీ, ఇల్లు కూడా ఊడుస్తావా?" అని పంపేసింది. అది మళ్లా పోయింది. మళ్లా తిట్టింది. మళ్లా పోయింది. చివరికి "ఈ పిల్ల మీ తమ్ముని బిడ్డేనక్కా, సందేహం లేదు, చెప్తే వినే రకం కాదు" అని నాతో అని, ఒక పక్క కూర్చోనిచ్చింది.

మల్లేశ్వరి ముందు ఆ దుమ్మును పొడిగానే కుంచెతో దువ్వి దులపాలని చూసింది. దారాలు పటపట తెగినాయి. అప్పుడు పడుగంతా చుట్టి బానలో నానబెట్టి గంజి వదిలించినారు. ఇప్పుడు తెగిన కొసలు వెతికి అతుకుతాండారు. వేలికి ఇంత బూడిద అద్దుకొని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టాల. లత మెలిపెట్టినవి సగం ఊడిపోతాండాయి. మళ్లా పెడతాది. వేళ్లు కోసుకుపోయింది అట్ల.

మిగిలిన పిల్లలు యాడికి పోయినారని అడిగినావు. ముస్రత్ అని దాని జతగత్తె, ఇంగ కొందరు, నాలుగో రోజు నుంచి వాళ్లంతట వాళ్లే వస్తాండారు. పెద్దలు వీధిలో అడుగు పెట్టొద్దన్నారు కదా, అందుకని వెనక సందు నుంచి మల్లేశ్వరి పెరట్లోకి దిగుతాండారు. పెద్దలకు తెలుసు. అటు చూడరు.

మల్లేశ్వరి మొగుడు మాదన్న నడుము పట్టేసి మంచంలో ఉండాడు. ఆ ఇంటికి ఈ పడుగే ఆధారం. ఇది నేసి దింపితేనే ఇంగోటి ఎక్కేది. అతుకులు అయినంక మళ్లా వీధిలో చాచి మళ్లా గంజి పెట్టాల. ఆ పొద్దు దావన పొయ్యే మనిషి కూడా చేయి వేసి పోవడం మన మర్యాద, కదా? కానీ ఇప్పుడు చేతులు యాడ ఉండాయి? వలసలు పోయి వీధిలో సగం తలుపులకు తాళాలు. ఉన్నోళ్లు ముసలోళ్లు. ఆ చేతులు తామే అవుతామని లత పిల్లల్ని ఒప్పించింది.

ఇది శిక్ష కాదు. అది అడిగి తీసుకున్న పని.

సారుకు రాసినావు. మంచిది కాదు. లతకు నేను చెప్పలేదు. పని నడుమ దాని మనసు విరుగుతాదని.

దేవుని దగ్గర నేను అడిగేది ఒక్కటే. మొదలుపెట్టింది దాని చేతనే ముగియాలని.

అక్క

—

ఆదోని,
21-8-2025

అక్కా,

నీ కాగితం అందింది. పూర్తిగానే రాసినావు. అయినా నా మనసు ఒప్పుకోవడంలేదు.

గుంతలో కూర్చోలేదు, సరే. అతుకులు అతుకుతాండాది, సరే. రేపు అతుకులు కుదురుతాయి. కుదిరినంక ఆ పిల్లకు అది బాగనిపిస్తాది. నాకూ చిన్నప్పుడు బాగనిపించింది. నాయన భుజం మీద తట్టి "చేయి కుదిరిందిరా" అంటే ఆ పొద్దు నేను బడికి పోలేదు. ఆ మరుసటి పొద్దూ పోలేదు. అట్లా అట్లా బడి పోయింది. గుంతలోకి ఎవురూ తోయరక్కా. మనమే ఇష్టంగా దిగుతాము. నా భయం అదీ.

ఈడ ఒక ప్రైవేటు కాలేజీలో అడిగినాను. టీసీ తెస్తే రెండో ఏడులోనే చేర్చుకుంటామన్నారు. మిల్లు చప్పుడుకు చెవుల్లో దూది పెట్టుకొని చదువుతాది. పత్తికి కొరత లేని ఊరు కదా మాది.

ఈ ఆదివారం మొదటి బస్సుకు వస్తాండాను. పాపను పిలుచుకొని వస్తాను. సోమవారం ఎవర్నో ఒకర్ని పట్టి టీసీ తెప్పించుకుంటాను.

నువ్వు పెద్దదానివి. అమ్మ పోయినంక నాకు తల దువ్వి బడికి పంపిందానివి. నీ మాట నేను దాటిన పొద్దు లేదు. ఇది మొదటిది.

కేశవులు

—

ఎమ్మిగనూరు,
22-8-2025

కేశవా,

రా. నీ బిడ్డ.

అతుకులు అయినాయి. ఆదివారం పొద్దునే మల్లేశ్వరి పడుగు మళ్లా చాస్తారు. పెద్దలు పిల్లల్ని ఆ ఒక్క పూటకు వీధిలోకి రానిస్తామన్నారు. లత వీధి ఆ కొసన, పెద్దబాయి గట్టు పక్క ఉంటాది.

ఎనిమిదికల్లా గంజి ఆరుతాది. అంతదాకా దాన్ని పిలవొద్దు. ఆ తర్వాత నేను అడ్డం రాను.

దాని బట్టలు సర్ది పెట్టినాను. పుస్తకాలు వేరే సంచిలో ఉండాయి.

నువ్వు వస్తాండావని దానికి చెప్పినాను. ఎందుకొస్తాండావో కూడా చెప్పినాను. "పడుగు అయినంక వస్తానని చెప్పత్తా" అనింది.

అక్క

—

ఎమ్మిగనూరు,
25-8-2025

కేశవా,

నిన్న నువ్వు రాలేదు.

ఎనిమిదిన్నర నుంచి లత సంచులు ముందర పెట్టుకొని గడప మీద కూర్చుంది. పదకొండు దాకా కూర్చుంది. ఉప్మా నువ్వొస్తే తింటామని ఇద్దరం తినలేదు. ఫోను చేస్తే నీ ఫోను ఎత్తలేదు. ఒంట్లో బాగుండాదా? ఉరుకుందమ్మకు ఏమైనా అయిందా? రాకుండా ఉండేవాడివి కాదు, రానని చెప్పకుండా అసలే ఉండవు.

నా మీద కోపం అయితే నా మీదనే ఉండనీ. ఆ పిల్లను అట్ల కూర్చోబెట్టకూడదు.

పడుగు సంగతి రాస్తాను. తెల్లారకముందే చాచినారు. నేను నడుమ గంజి కుండ దగ్గర ఉండాను. పిల్లలు రెండు పక్కలా నిలబడినారు. గంజి సగం పట్టినాక, బాయి పక్క నుంచి తిప్పేస్వామి సారు వచ్చినాడు. మొదటి ఏడు పిల్లల్ని వెంటబెట్టుకొని, చీపుర్లతో. పోయినసారి ఫోటోలో వీధి సరిగ్గా కనపడలేదని పైనుంచి అన్నారంట. పెద్దలు ఎట్లాగూ రానిచ్చినారు కదా, ఇదే అదను అనుకున్నాడు.

లత దారం వదిలి పోయి ఆయనకు ఎదురుగా నిలబడింది. అరవలేదు, కానీ గొంతు వీధంతా వినపడింది. "సార్, ఆడనే ఆగండి. ఎనిమిది దాకా ఈ వీధిలో చీపురు వద్దు" అనింది. సారు, "నాకే చెప్తావా? లీడరువా, ప్రిన్సిపాలువా?" అన్నాడు. అది కదల్లేదు. "ఒకసారి చేసినాము సార్. రెండోసారి తెలిసి చేయలేము" అనింది.

అప్పుడు సారు జేబులో నుంచి ఒక కాగితం తీసినాడు. "నువ్వు లీడరువే కాదు. మీ నాయన ఎప్పుడో రాసినాడు నీ పేరు తీసేయమని. నేనే జాలిపడి ఉంచినాను. ఇప్పుడు తీసేస్తాండాను" అని అందరి ముందర చదివినాడు. నీ సంతకం చూపించినాడు.

లత ఆ కాగితం చూసింది. నా వైపు తిరిగి చూసింది. నాకు తెలుసునని దానికి తెలిసిపోయింది. పోయి తన దారం తాను పట్టుకుంది.

సారు చీపుర్లు దింపలేదు. వెనక్కి పోయినాడు. గంజి శుభ్రంగా ఆరింది.

ఇప్పుడు అది నాతో మాట్లాడతాది, పని చేస్తాది, చదువుతాది. నవ్వడంలేదు. ఎన్నెస్సెస్‌లో దాని పేరు లేదు. వీధిలో మిగిలిన పని, ఆదివారాలు, ఏదీ దానికి లేదు. నువ్వు కోరింది జరిగింది.

ఎందుకు రాలేదో రాయి.

అక్క

—

ఆదోని,
27-8-2025

అక్కా,

ఇయ్యాల వినాయక చవితి. పూజ చేసి, కాగితం ముందర పెట్టుకొని కూర్చున్నాను. ఉరుకుందమ్మకు ఏమీ కాలేదు. నాకూ ఏమీ కాలేదు.

నేను వచ్చినాను.

మొదటి బస్సు దిగి తెల్లారేసరికి వీధి ఈ కొసకు వచ్చినాను. పడుగు చాచి ఉండాది. నువ్వు ఎనిమిది దాకా పిలవొద్దన్నావు కదా, మాట దాటొద్దులే, గోడ పక్క నిలబడి చూద్దామనుకున్నాను. మల్లేశ్వరి కంట్లో పడినాను. "ఏమప్పా కేశవులూ, కాటా మనిషివైనావని చేతులు జేబులో పెట్టుకొని చూస్తాండావా? గంజి ఆరతాది, పట్టు!" అని కుంచె చేతిలో పెట్టింది. పడుగు చాచిన వీధిలో పట్టనని ఎట్ల అంటాను? పట్టినాను. ఇన్నేండ్లయింది, చేయి మర్చిపోయింటాదనుకున్నాను. మర్చిపోలేదక్కా. అదే నాకు భయమేసింది.

ఈ కొస నుంచి ఆ కొసకు మనుషులు సరిగ్గా ఆనరు. నువ్వు నడుమ గంజి కుండ మీదికి వంగి ఉండావు, ఈ పక్క చూడలేదు. లత గొంతు మాత్రం వినిపించింది. "సార్, ఆడనే ఆగండి." ఎవురిదబ్బా ఈ గొంతు అనుకున్నాను. మల్లేశ్వరి, "నీ బిడ్డే. ఇంట్లో నీకు కూడా అట్లే చెప్తాదా?" అనింది. చెప్పదు. నా ముందర ఎప్పుడూ అట్ల నిలబడలేదు. నేను నిలబడనియ్యలేదేమో.

నా యార్డులో పెద్ద షావుకారు వచ్చి దొంగతూకానికి కాటా మీద కాలు పెడితే నేను చూడనట్ల తల తిప్పుకుంటాను. కుర్చీ కుర్చీ అని ఇన్నాళ్లు అనుకుంటి. కుర్చీలో కూర్చొని తల తిప్పుకునే మనిషిని చేసింటానేమో దాన్ని.

తర్వాత సారు కాగితం తీసినాడు. దూరం నుంచి కూడా గుర్తుపట్టినాను. యార్డులో బిల్లుల వెనక రాసింది కదా, పసుపు రంగు. ఆయన పైకెత్తి చదువుతాంటే నా మాటలు నాకే వినిపించినాయి. ఆ పిల్ల దాన్ని చూసి, తిరిగి దారం పట్టుకున్నప్పుడు నాకు ఆ కొస దాకా పరుగెత్తాలనిపించింది. ఏ మొగంతో పోవాల?

గంజి ఆరేదాకా కుంచె వదల్లేదు. అది మాత్రం చేసినాను. అయినంక మల్లేశ్వరికి దండం పెట్టి, నేను వచ్చినట్ల మా అక్కకు చెప్పొద్దని బతిమాలి బస్సెక్కినాను. ఇన్నాళ్లు చెప్పలేదంటే ఆ యమ్మ నోరు మూసుకోవడం పుట్టినాక అదే మొదటిసారి అయింటాది. చేతుల నిండా గంజి. బస్సులో కడ్డీ పట్టుకుంటే కండక్టరు, "ఏమన్నా, పోస్టర్లు అంటించే పనా?" అన్నాడు. అవునన్నాను.

నువ్వు గడప మీద కూర్చున్న పిల్ల సంగతి రాసినావు. అది చదివినాక యార్డుకు పోలేకపోయినాను.

సారుకు ఇంకో కాగితం రాసినాను. తెల్లకాగితం మీద. నువ్వే తీసుకుపొయ్యి ఇయ్యి, లత చేతికి వద్దు. నువ్వు చదివి తప్పులుంటే దిద్దు. ఇట్ల రాసినాను:

"తిప్పేస్వామి సారుకు నమస్కారం. లత తండ్రి కేశవులు రాసేది. ముందు రాసిన కాగితం నా బిడ్డను అడగకుండా రాసినాను. అది చెల్లదు. ఆదివారం మీరు ఆ కాగితం చదివేటప్పుడు నేను ఆ వీధిలోనే ఉండాను, అంతా చూసినాను. మీరు పిల్లలకు సేవ నేర్పిస్తాండారు, మంచిదే. ఇంగ మీదట నా బిడ్డ ఈ పనిలో ఉండాల్నా వద్దా అనేది నన్ను అడగొద్దు. మా అక్కను అడగొద్దు. ఆ పిల్లనే అడగండి."

లతకు నేనేమి రాయాలో తెలియక రాయలేదు. టీసీ వద్దని మాత్రం చెప్పు. బట్టలు సంచిలో నుంచి తీసి అల్మారాలో పెట్టుకోమని చెప్పు.

కేశవులు

—

ఎమ్మిగనూరు,
2-9-2025

కేశవా,

తప్పులు లేవు. దిద్దలేదు. నిన్న నేనే పోయి సారుకు ఇచ్చినాను. ఆయన రెండుసార్లు చదివి మడిచి పెట్టుకున్నాడు.

మల్లేశ్వరిని అడిగితే ఒప్పుకుంది. "చెప్పకుండా ఉండలేక నాకు జ్వరం వచ్చిందక్కా" అనింది. నువ్వు ఈ కొసన ఉండావని లతకు ఆ యమ్మే చెప్పింది. లత, "నాయన కుంచె ఏ పక్క పట్టినాడు?" అని అడిగింది. కుడి పక్క అని చెప్పిందంట. "నేనూ ఆ పక్కే నిలబడినా" అని అప్పుడు నవ్వింది.

బట్టలు అల్మారాలో పెట్టుకుంది.

పడుగు మగ్గానికి ఎక్కింది. అతుకులు ఇప్పటికీ అక్కడక్కడ తెగుతాండాయి. తెగినప్పుడల్లా మల్లేశ్వరి వీధికంతా వినపడేట్ల, "లతా, నీ దారమే!" అని పిలుస్తాది. ఇది పుస్తకం బోర్లించి పోయి అతికి వస్తాది. సగానికి పైగా నేసినారు. ఈ పడుగు దిగుతాది కేశవా. నాకు నమ్మకం ఉండాది.

వీధి పెద్దలు చీపుర్లు తిరిగి ఇచ్చేసినారు.

కొత్త లీడరు ముస్రత్. లత పేరు మళ్లా రాయాల్నా వద్దా అని సారు ఇయ్యాల దాన్ని గదికి పిలిచినాడంట. నీ కాగితం బల్ల మీద ఉండిందంట. "మీ నాయన నిన్నే అడగమన్నాడు. ఉంటావా?" అన్నాడంట.

"ఉంటాను సార్. కానీ ఏ వీధిలో ఎవరి పడుగు ఉండాదో శనివారమే అడిగి వస్తాము. ఉన్న వీధికి ఎనిమిదికి ముందు పోము" అనిందంట.

సారు కలం తీసి దానికే ఇచ్చినాడంట, రాసుకోమని. పేరు అదే రాసుకుంది.

అక్క
భీమక్క